దరఖాస్తులో ‘విత్ రిగార్డ్ టు’ రాయడం ఎలా? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇంగ్లీషులో ఉత్తరం రాయవలసిన అవసరం తరచుగా వస్తుంది. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కాగితం ఒడియా. ఒడియా ధారాళంగా మాట్లాడగలిగినా రాయడం అలవాటు లేని పెద్దవారూ, బడిలో తెలుగు రాయడం నేర్చుకునే అవకాశమే దొరకని పిల్లలూ చివరకు ఇంగ్లీషు దరఖాస్తునే ఆశ్రయిస్తారు. ఆ దరఖాస్తుల్లో మొదటి రెండు మూడు వాక్యాల్లోనే ‘విత్ రిగార్డ్ టు’ అనే మాట తప్పక కనబడుతుంది, దాదాపు అంత తరచుగానూ తప్పుగా కనబడుతుంది. ఆ మాట గురించీ, దానితో కలగలిసిపోయే మరికొన్ని మాటల గురించీ ఇక్కడివారు అడిగే ప్రశ్నలకు ఈ పేజీలో జవాబులు ఇస్తున్నాను.

‘విత్ రిగార్డ్ టు’ అని రాయాలా, ‘విత్ రిగార్డ్స్ టు’ అని రాయాలా?

‘విత్ రిగార్డ్ టు’ అని రాయాలి. ‘ఫలానా విషయమై’ అనే అర్థంలో వాడినప్పుడు ‘రిగార్డ్’ చివర ‘ఎస్’ ఉండకూడదు. ‘ఇన్ రిగార్డ్ టు’ అని రాసినా ఇదే నియమం. విషయం ఒకటైనా పదైనా, దరఖాస్తు ఒకరు పెట్టినా ఊరంతా కలిసి పెట్టినా ఈ మాట మారదు.

ఉత్తరాల చివర ‘విత్ రిగార్డ్స్’ అని అచ్చులో కూడా చూస్తున్నాము కదా, అది తప్పా?

తప్పు కాదు. అయితే అది వేరే మాట. ఉత్తరం ముగిస్తూ సంతకానికి పైన రాసే ‘విత్ రిగార్డ్స్’, ‘విత్ బెస్ట్ రిగార్డ్స్’, ‘కైండ్ రిగార్డ్స్’ అనేవి మనం రాసే ‘నమస్కారములతో’ వంటివి. అక్కడ ‘రిగార్డ్స్’ అంటే శుభాకాంక్షలు, మర్యాదపూర్వకమైన పలకరింపు. ‘మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి’ అనడానికి ‘ప్లీజ్ గివ్ మై రిగార్డ్స్ టు యువర్ ఫాదర్’ అంటారు. ఈ అర్థంలో ఎప్పుడూ ‘ఎస్’ ఉండవలసిందే.

చిక్కంతా ఇక్కడే పుడుతున్నది. ఒకే ఉత్తరంలో పైన ‘విత్ రిగార్డ్ టు’, కింద ‘విత్ రిగార్డ్స్’ వస్తాయి. కన్ను రెండింటినీ ఒకటిగా చూస్తుంది, చెయ్యి రెండు చోట్లా ‘ఎస్’ పెడుతుంది. ‘విత్ రిగార్డ్స్ టు మై పెన్షన్’ అని రాస్తే, అక్షరార్థం పట్టుకుని చదివేవారికి అది పెన్షన్‌కు నమస్కారాలు పంపినట్టు అవుతుంది. చదివే అధికారి సందర్భాన్ని బట్టి భావం గ్రహిస్తారు, దరఖాస్తు దీనివల్ల తిరిగి రాదు. కానీ రాసినవారు చెప్పదలచుకున్న మాట ఒకటి, కాగితం మీద పడిన మాట మరొకటి అవుతున్నప్పుడు దానిని సరిదిద్దుకోవడమే మంచిది.

మనవారు ఇన్నిసార్లు ఆ ‘ఎస్’ ఎందుకు చేరుస్తారు?

ఉత్తరం చివరి మాటతో కలగలిసిపోవడం ఒక కారణం. మన భాష అలవాటు మరొక కారణమని నా అభిప్రాయం. తెలుగులో గౌరవం చూపాలంటే బహువచనం వాడతాము. పెద్దవారిని ‘మీరు’ అంటాము, వారి గురించి ‘వచ్చారు’ అంటాము, ఉత్తరంలో ‘నమస్కారములు’, ‘ధన్యవాదములు’ అని రాస్తాము. ఒక్క ‘నమస్కారము’తో ఎవరూ ఉత్తరం ముగించరు. ఈ సంస్కారంతో పెరిగిన చేతికి, తహసీల్దారుగారికి రాస్తున్న కాగితంలో ‘రిగార్డ్’ అనే ఏకవచనం బోసిగా కనబడుతుంది. ‘ఎస్’ చేర్చితే కొంచెం మర్యాద చేర్చినట్టు అనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ ‘ఎస్’కు గౌరవంతో సంబంధం లేదన్న సంగతి ఒకసారి తెలిస్తే, ఆ అలవాటు వదలడం కష్టం కాదు.

‘యాజ్ రిగార్డ్స్’ అన్నప్పుడు ‘ఎస్’ ఉంటుంది కదా? ఇదేమి నియమం?

‘యాజ్ రిగార్డ్స్’లో ‘ఎస్’ తప్పనిసరి. ఎందుకంటే అక్కడ ‘రిగార్డ్స్’ నామవాచకం కాదు, క్రియ. ‘సంబంధించు’ అనే అర్థం గల క్రియకు వర్తమానంలో చేరే ‘ఎస్’ అది. ఆ మాట మొత్తానికి ‘ఇది సంబంధించినంత వరకు’ అనే భావం వస్తుంది. అందుకే దాని తరువాత ‘టు’ రాదు. ‘యాజ్ రిగార్డ్స్ ది లాండ్’ అనాలి, ‘యాజ్ రిగార్డ్స్ టు ది లాండ్’ అనరాదు. తరువాత వచ్చే మాట బహువచనమైనా ఇది మారదు. ‘యాజ్ రిగార్డ్స్ ది సర్టిఫికెట్స్’ అనే రాయాలి.

గుర్తుపెట్టుకోవడానికి తేలికైన దారి ఒకటి ఉన్నది. వాక్యంలో ‘టు’ ఉంటే ‘ఎస్’ ఉండదు, ‘ఎస్’ ఉంటే ‘టు’ ఉండదు. ‘విత్ రిగార్డ్ టు’లో ‘టు’ ఉన్నది, ‘యాజ్ రిగార్డ్స్’లో ‘ఎస్’ ఉన్నది. రెండూ కలిసి కనబడితే, ఎవరికైనా నమస్కారాలు చెబుతున్న సందర్భం కాకపోతే, ఏదో పొరపాటు జరిగినట్టే.

‘రిగార్డింగ్’ తరువాత ‘టు’ రాయవచ్చా?

రాయకూడదు. ‘రిగార్డింగ్ మై అప్లికేషన్’ అంటే సరిపోతుంది. ‘రిగార్డింగ్ టు మై అప్లికేషన్’ తప్పు. ‘కన్సర్నింగ్’ కూడా అంతే.

ఈ తప్పుకు మూలం నేరుగా తెలుగులోనే ఉన్నది. ‘సంబంధించి’ అనే మాటకు ముందు మనకు ‘కు’ తప్పనిసరి. ‘నా దరఖాస్తుకు సంబంధించి’ అంటామే గాని ‘నా దరఖాస్తు సంబంధించి’ అనము. ఆ ‘కు’కు ఇంగ్లీషులో చోటు చూపించాలని మనసు వెతుకుతుంది, ‘టు’ దొరుకుతుంది. ఇలాంటప్పుడు ‘సంబంధించి’కి బదులు ‘గురించి’ అని తలచుకుని రాయండి. ‘నా దరఖాస్తు గురించి’ అనుకుంటే ‘కు’ అడ్డు రాదు, కాబట్టి ‘టు’ కూడా రాదు.

ఆ ‘గురించి’కి మళ్ళీ తన చిక్కు తనకున్నది. ‘ఈ విషయం గురించి చర్చించాము’ అనే అలవాటు వల్ల ‘వి డిస్కస్డ్ అబౌట్ దిస్ మేటర్’ అని రాస్తారు. ఇంగ్లీషులో ‘డిస్కస్’ అనే క్రియలోనే ‘గురించి’ ఇమిడి ఉన్నది, ‘వి డిస్కస్డ్ దిస్ మేటర్’ అంటే చాలు. ‘మెన్షన్’ కూడా ఇదే కోవలోది. ‘రిగార్డింగ్ అబౌట్’ అని రెండూ కలిపి రాయడం కూడా అక్కడక్కడ కనబడుతుంది. ఒకే పనికి రెండు మాటలు పెట్టినట్టు అవుతుంది, ఒకటి తీసివేయాలి.

సబ్జెక్టు గీతలో చివర ‘రెగ్.’ అని రాయడం సరైన పద్ధతేనా?

మన దేశపు కార్యాలయాలలో స్థిరపడిన పద్ధతి అది. ‘ఇష్యూ ఆఫ్ కాస్ట్ సర్టిఫికెట్ – రెగ్.’ అంటే ‘కుల ధ్రువపత్రం మంజూరు గురించి’ అని. ఇంగ్లీషు వరసలో ‘రిగార్డింగ్’ విషయానికి ముందు రావాలి, మన భాషలలో ‘గురించి’ విషయం తరువాత వస్తుంది. మన ఆఫీసు ఇంగ్లీషు మన వరసనే పట్టుకున్నది. లోపలి ఫైళ్ళలో దీనివల్ల ఇబ్బంది ఏమీ లేదు. బయటి రాష్ట్రపు కంపెనీకో, విదేశీ విశ్వవిద్యాలయానికో రాసేటప్పుడు మాత్రం ‘రెగ్.’ వదిలివేయండి. ‘సబ్జెక్ట్’ అనే మాటే ‘ఈ విషయం గురించి’ అని చెబుతున్నది కాబట్టి దాని తరువాత మళ్ళీ ‘రిగార్డింగ్’ అవసరం లేదు.

‘ఇన్ దిస్ రిగార్డ్’?

‘ఎస్’ లేకుండా. ‘ఈ విషయంలో’ అని అర్థం. ‘ఇన్ దిస్ రిగార్డ్స్’ తప్పు.

‘విత్ రిఫరెన్స్ టు’, ‘విత్ రిగార్డ్ టు’ ఒకటేనా? ఏది ఎప్పుడు వాడాలి?

రెంటికీ దగ్గరి అర్థమే గాని, పనిలో తేడా ఉన్నది. ఆ తేడా పాటిస్తే దరఖాస్తు వెంటనే తేటగా మారుతుంది.

‘విత్ రిఫరెన్స్ టు’ అనేది ఒక కాగితాన్ని చూపిస్తుంది. ఆఫీసు నుండి మీకు వచ్చిన ఉత్తరం, పత్రికలో పడిన ఉద్యోగ ప్రకటన, మీరు గతంలో పెట్టిన దరఖాస్తు వంటి వాటిని ప్రస్తావించేటప్పుడు ఇది వాడాలి, దాని వెంట సంఖ్య, తేదీ ఇవ్వాలి. ‘విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్ నంబర్ ఫలానా, డేటెడ్ ఫలానా’ అని రాస్తే, గుమాస్తా ఆ సంఖ్యతో ఫైలు వెతుక్కోగలుగుతారు. ‘విత్ రిగార్డ్ టు’ అనేది ఒక విషయాన్ని చూపిస్తుంది. భూమి, పెన్షన్, నీళ్ళ కుళాయి, పిల్లవాడి ఫీజు వంటివి విషయాలు. వీటికి సంఖ్య ఉండనక్కరలేదు.

ఒడిశా కార్యాలయాల ఉత్తరాల విషయంలో ఇక్కడివారు గమనించవలసిన చిన్న సంగతి ఒకటి ఉన్నది. అసలు ఉత్తరానికి పైభాగంలో లెటర్ నంబరు వేస్తారు. అదే ఉత్తరం నకలు మరొకరికి పంపినప్పుడు, కింది భాగంలో వేరుగా మెమో నంబరు వేసి, ఎవరికి పంపుతున్నారో రాస్తారు. మీ చేతికి వచ్చినది నకలు అయితే మీకు వర్తించేది కింద ఉన్న మెమో నంబరు. చాలామంది పైన ఉన్న సంఖ్యను మాత్రమే రాసి పంపుతారు. రెండూ రాయడం అన్నిటికంటె క్షేమం.

ఇక్కడ కూడా ‘రిఫరెన్స్’ ఏకవచనమే. ‘విత్ రిఫరెన్సెస్ టు’ అని రాయకూడదు.

‘విత్ రెస్పెక్ట్ టు’ అంటే గౌరవంతో అని అర్థమా?

కాదు. ‘విత్ రెస్పెక్ట్ టు’ అన్నా ‘విషయంలో’, ‘విషయమై’ అనే అర్థమే. గణితం చదివినవారికి ఇది బాగా పరిచయమైన మాట, ‘ఎక్స్ దృష్ట్యా’ అని చెప్పేటప్పుడు వాడతారు. దరఖాస్తులో వాడవచ్చు గాని, ‘విత్ రిగార్డ్ టు’ కంటె అది కొంత సాంకేతికంగా ధ్వనిస్తుంది. ‘ఇన్ రెస్పెక్ట్ ఆఫ్’ అనేది చట్టాలలోను, భూమి కాగితాలలోను కనబడుతుంది. ‘ఫలానా ప్లాటు నంబరుకు సంబంధించి’ అనే చోట ‘ఇన్ రెస్పెక్ట్ ఆఫ్ ప్లాట్ నంబర్ ఫలానా’ అని ఉంటుంది. దానిని చూసి రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టుగా రాయండి.

దీనితో కలగలిసేది ‘విత్ డ్యూ రెస్పెక్ట్’. ‘విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్’ అని మొదలయ్యే దరఖాస్తు మన తూర్పు ప్రాంతమంతటా వాడుకలో ఉన్నది. తగిన గౌరవంతో మనవి చేసుకుంటున్నాను అని దాని భావం. మన ఆఫీసులలో దీనిని ఎవరూ తప్పుపట్టరు. అయితే నేటి ఇంగ్లీషులో ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ అనగానే వినేవారు ఒక అభ్యంతరం రాబోతున్నదని సిద్ధపడతారు, ఎదుటివారి మాటను కాదనబోయేముందు అనే మాట అయిపోయింది అది. అందువల్ల పై చదువులకు బయటికి వెళ్ళే పిల్లలు తమ దరఖాస్తును ఆ మాటతో మొదలుపెట్టకపోవడం మంచిది. ‘ఐ బెగ్’ కూడా ఇప్పుడు అవసరం లేదు. ‘ఐ రిక్వెస్ట్’ అన్నా మర్యాదకు లోటు రాదు.

‘అబౌట్’ అని మామూలుగా రాస్తే మర్యాద తక్కువ అవుతుందా?

కాదు. ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పాలని ఉన్నది, ఎందుకంటే మిగిలిన తప్పులన్నిటికీ మూలం ఈ భయంలోనే ఉన్నది.

మాట బరువుగా ఉంటే దరఖాస్తుకు బరువు వస్తుందని మనవారిలో ఒక నమ్మకం ఉన్నది. అందుకే ‘ఐ యామ్ రైటింగ్ అబౌట్ మై రేషన్ కార్డ్’ అనే చక్కని వాక్యాన్ని కొట్టివేసి, ‘ఐ యామ్ రైటింగ్ దిస్ విత్ రిగార్డ్స్ టు ది మేటర్ రిగార్డింగ్ మై రేషన్ కార్డ్’ అని రాస్తారు. మొదటి వాక్యంలో తప్పు చేయడానికి చోటే లేదు. రెండవ వాక్యంలో తప్పు జరగనే జరిగింది, పైగా చదివేవారికి రేషన్ కార్డు దగ్గరికి చేరడానికి ఆరు మాటలు ఎక్కువ దాటవలసి వచ్చింది. ఇంగ్లీషులో జాగ్రత్తగా రాసేవారు ‘అబౌట్’, ‘ఆన్’, ‘ఫర్’ వంటి చిన్న మాటతో పని జరిగేచోట మూడు మాటల పదబంధాన్ని వాడరు.

వాడుక భాష రాతలోకి రావాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చినదీ ఆయనే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. జనం మాట్లాడే తీరులో రాస్తే గౌరవం తగ్గదని ఆయన తెలుగు గురించి చెప్పిన మాటను, ఆ ఊరివారమూ ఆ చుట్టుపక్కలవారమూ అయిన మనం ఇంగ్లీషు రాసేటప్పుడు కూడా పాటించవచ్చు. గౌరవం ‘సర్’, ‘మేడమ్’ అనే సంబోధనలోను, ‘ప్లీజ్’లోను, నిజాలు వరసగా చెప్పడంలోను ఉంటుంది.

అలాగైతే ‘విత్ రిగార్డ్ టు’ను అసలు ఎక్కడ వాడాలి?

ఒక విషయం నుండి మరొక విషయానికి మళ్ళేటప్పుడు వాడాలి. మనం ‘ఇక పొలం సంగతికి వస్తే’ అని అంటాము కదా, సరిగ్గా ఆ చోట. ఉత్తరంలో మొదట కొళాయి గురించి రాశారు, ఆ తరువాత వీధి దీపం గురించి రాయాలి. అప్పుడు ‘విత్ రిగార్డ్ టు ది స్ట్రీట్ లైట్’ అని మొదలుపెడితే, చదివేవారికి విషయం మారిందని వెంటనే తెలుస్తుంది. వాక్యం మొదట్లో ఇలా వాడినప్పుడు ఆ పదబంధం ముగిసినచోట కామా పెట్టాలి.

ఒక జాగ్రత్త అవసరం. ‘విత్ రిగార్డ్ టు మై అప్లికేషన్, ఇట్ వాజ్ సబ్మిటెడ్ ఇన్ జూన్’ అనే వాక్యంలో వ్యాకరణ దోషం లేదు గాని, ‘మై అప్లికేషన్ వాజ్ సబ్మిటెడ్ ఇన్ జూన్’ అంటే సరిపోయేదానికి అంత ఉపోద్ఘాతం అక్కరలేదు. ‘విషయానికి వస్తే’ అని తెలుగులో అనవలసిన అవసరం లేనిచోట ఇంగ్లీషులోనూ అనవలసిన అవసరం ఉండదు.

ఒక దరఖాస్తును సరిచేసి చూపించగలరా?

ఇక్కడి తెలుగు కుటుంబాలన్నిటికీ తెలిసిన ఇబ్బందినే తీసుకుందాము. పిల్లవాడి పేరు వెంకట. ఒడియా ఉచ్చారణలో ‘వ’ సాధారణంగా ‘బ’గా పలుకుతుంది కాబట్టి, జనన ధ్రువపత్రంలో ఆ పేరు ‘బెంకట’ అని పడింది. బడి రిజిస్టరులో ‘వెంకట’ అని ఉన్నది. పదవ తరగతి ఫారం నింపేవేళకు రెండూ కలవవు. తండ్రి ఇలా రాసుకొచ్చారనుకుందాము:

‘రెస్పెక్టెడ్ సర్, విత్ రిగార్డ్స్ టు ది అబౌవ్ సబ్జెక్ట్, రిగార్డింగ్ టు మై సన్ నేమ్ మిస్టేక్, ఐ రిక్వెస్ట్ యు టు డూ ది నీడ్‌ఫుల్ ఇన్ దిస్ రిగార్డ్స్.’

ఈ ఒక్క వాక్యంలో ‘రిగార్డ్’ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ తప్పుగానే వచ్చింది. మూడింటినీ వ్యాకరణం ప్రకారం దిద్దినా వాక్యం పనికిరాదు. ఏ పేరు, ఎక్కడ తప్పు పడింది, ఏమని మార్చాలి అన్న మూడు సంగతులలో ఒక్కటీ అందులో లేదు. ‘డూ ది నీడ్‌ఫుల్’ అంటే ‘తగిన చర్య తీసుకోండి’ అని. తగిన చర్య ఏమిటో రాసినవారే చెప్పకపోతే చదివేవారు ఊహించుకోవలసి వస్తుంది. దీనిని ఇలా రాయవచ్చు:

‘సర్, ఐ రిక్వెస్ట్ యు టు కరెక్ట్ మై సన్స్ నేమ్ ఇన్ హిజ్ బర్త్ సర్టిఫికెట్. ది సర్టిఫికెట్ సేస్ బెంకట. ది కరెక్ట్ నేమ్ ఈజ్ వెంకట, యాజ్ ఇన్ ది స్కూల్ రిజిస్టర్. ఎ కాపీ ఆఫ్ ది రిజిస్టర్ పేజ్ ఈజ్ ఎన్‌క్లోజ్డ్. విత్ రిగార్డ్ టు ది ఫీ, ఐ యామ్ రెడీ టు పే ఇట్ ఎట్ ది కౌంటర్.’

ఇప్పుడు ‘విత్ రిగార్డ్ టు’ ఒక్కసారే వచ్చింది, పేరు సంగతి ముగిసి ఫీజు సంగతి మొదలైన చోట వచ్చింది. జనన మరణ నమోదు చట్టం, 1969లోని 15వ సెక్షన్ రిజిస్టరులోని పొరపాటు నమోదులను సరిదిద్దే అధికారాన్ని రిజిస్ట్రారుకు ఇస్తున్నది. దరఖాస్తులో కోరవలసినది ఆ సరిదిద్దడాన్నే, అందువల్ల ‘కరెక్ట్’ అనే మాట మొదటి వాక్యంలోనే ఉండటం అవసరం.

ఇంత కష్టపడి ఇంగ్లీషులోనే రాయాలా? తెలుగులో రాయకూడదా?

ఫిర్యాదు లేదా విన్నపం తెలుగులో రాసే హక్కు ఉన్నది. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ ఇబ్బంది తీర్చమని కోరుతూ కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం సమర్పించవచ్చు. అయితే ఒడిశా 1936 ఏప్రిల్ 1న వేరు రాష్ట్రంగా ఏర్పడింది, 1954 నాటి చట్టం ఒడియాను అధికార భాషగా చేసింది. తెలుగు చదవగల ఉద్యోగి ప్రతి ఆఫీసులోనూ ఉంటారని అనుకోలేము. పని తొందరగా కావాలంటే ఒడియా రానివారికి ఇంగ్లీషు మిగులుతుంది.

సమాచార హక్కు దరఖాస్తుకు నియమం వేరు. 2005 చట్టం 6వ సెక్షన్ ప్రకారం అది ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలి. అంటే రాయగడలో ఉన్న తెలుగువారు ఒడియా, ఇంగ్లీషు, హిందీలలో ఒకటి ఎంచుకోవాలి. రాయలేనివారు నోటితో చెబితే దానిని రాతలో పెట్టడానికి సమాచార అధికారి తగిన సహాయం చేయాలని అదే సెక్షన్ చెబుతున్నది. ఈ సంగతి మన పెద్దవారికి తప్పక తెలియజేయండి.

ఈ దరఖాస్తులలో ‘రిగార్డింగ్’ వాడకం గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. కోరే సమాచారం వివరాలు స్పష్టంగా ఇవ్వాలన్నది చట్టం. ‘ఇన్ఫర్మేషన్ రిగార్డింగ్ అవర్ విలేజ్ రోడ్’ అని అడిగితే ఆ మాటలోకి ఏదైనా వస్తుంది, అందువల్ల చివరకు ఏదీ రాకపోవచ్చు. ఏ ఊరి నుండి ఏ ఊరికి వేసిన రోడ్డు, ఏ సంవత్సరం, మంజూరైన మొత్తం ఎంత, పని ఒప్పందం నకలు కావాలా, కొలతల పుస్తకం నకలు కావాలా అని విడివిడిగా అడగండి. జవాబుకు గడువు మామూలుగా 30 రోజులు. అస్పష్టమైన ప్రశ్నకు అస్పష్టమైన జవాబు వస్తే ఆ గడువంతా వృథా అవుతుంది.

ఇంగ్లీషువారు కూడా ‘విత్ రిగార్డ్స్ టు’ అంటున్నారని మా అబ్బాయి చూపించాడు. ఇక అది సరైనదే అనుకోవచ్చా?

మీ అబ్బాయి చెప్పినది నిజమే. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా మాటలలోను, తొందరగా రాసిన ఈమెయిళ్ళలోను ‘విత్ రిగార్డ్స్ టు’ అంటుంటారు. అయినా జాగ్రత్తగా దిద్ది అచ్చువేసే రాతలో దానిని ఇప్పటికీ పొరపాటుగానే చూస్తారు. పరీక్ష పేపరు, ఉద్యోగ దరఖాస్తు, ఆఫీసు ఉత్తరం ఈ మూడూ జాగ్రత్తగా దిద్దిన రాత కోవలోకి వస్తాయి. ‘విత్ రిగార్డ్ టు’ అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. రెండవది రాస్తే చూపేవారు కొందరైనా ఉంటారు. అబ్బాయికి ఏ వైపు క్షేమమో ఆ వైపు రాయడం నేర్పండి.

‘రిగార్డ్‌లెస్’, ‘ఇర్‌రిగార్డ్‌లెస్’ ఒకటేనా?

‘రిగార్డ్‌లెస్ ఆఫ్’ అంటే ‘దేనినీ లెక్కచేయకుండా’, ‘ఏదైనా సరే’ అని. ‘రిగార్డ్‌లెస్ ఆఫ్ ఇన్‌కమ్’ అంటే ఆదాయం ఎంతైనా సరే అని అర్థం. ‘ఇర్‌రిగార్డ్‌లెస్’ అని రాయకండి. ‘లెస్’లో లేమి ఉన్నది, ముందు మరొక లేమి చేర్చనక్కరలేదు.

ఆఫీసు దరఖాస్తును ‘విత్ రిగార్డ్స్’తో ముగించవచ్చా?

పరిచయం ఉన్నవారికి రాసే ఉత్తరానికి, ఈమెయిలుకు అది బాగుంటుంది. ఆఫీసు దరఖాస్తు ‘సర్’ అనో ‘మేడమ్’ అనో మొదలైతే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అని, అధికారి పేరుతో మొదలైతే ‘యువర్స్ సిన్సియర్లీ’ అని ముగించడం పాత పద్ధతి, ఇప్పటికీ చెల్లుతున్న పద్ధతి. రెండింటిలోనూ మొదటి మాట ‘యువర్స్’, అందులో ‘ఎస్’ ముందు పైకామా పెట్టకూడదు. దాని కింద సంతకం, పేరు, ఊరు, పిన్‌కోడు, ఫోన్ నంబరు రాయండి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకువెళ్ళి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, అందుకున్న తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. తరువాతి ఉత్తరంలో ‘విత్ రిఫరెన్స్ టు’ పక్కన రాయవలసిన తేదీ అదే.